సైడ్ హెడింగులు పెట్టి రాయండి
(మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడాలి, పిల్లలకు పనికొచ్చేలా ఉండాలి" అన్నారు. జీవితంలో ఎలా పైకి రావాలో చెప్పడం నాకు చేతకాదు. ముప్ఫయ్యేళ్ళుగా నేను చేసింది మూడు పనులు. యంత్రాలు బిగించడం, నడిపి చూపించడం, వాటిని నడిపేవాళ్ళకు సూచనల కాగితాలు రాసివ్వడం. మొదటి రెండింటి గురించి చాలామంది ఇంజినీర్లు చెప్పగలరు. మూడోదాని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి అదే చెబుతాను. తీరిక లేని మనిషి, నిలబడి, ఒక్క చూపు చూసినా కావలసిన మాట దొరికేటట్టు కాగితాన్ని ఎలా అమర్చాలి అన్నది విషయం.

ఈ పనికి మొదటి పాఠం ఈ బడిలోనే నేర్చుకున్నాం. ఎడమ పక్క మార్జిన్ కొట్టడం, ప్రశ్న నంబరు మార్జిన్ లోపల వేయడం, జవాబుకీ జవాబుకీ మధ్య రెండు గీతలు వదలడం, సైడ్ హెడింగు రాసి కింద స్కేలు పెట్టి గీత గీయడం. సాంఘిక శాస్త్రం చెప్పిన మాస్టారు నా నోటు పుస్తకం పైకెత్తి, "ఏటిరా ఇది? మొదలెట్టిన కాణ్ణించి ఆఖరిదాకా ఒకటే చాప అల్లినావు. నానెక్కడ ఊపిరి తీసుకోవాల?" అన్నారు. పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే చోట ఒక్కో పేపరుకు దొరికేది కొద్ది నిమిషాలేనని, దిద్దేవాడి కంటికి జవాబు కనిపిస్తేనే మార్కు పడుతుందని ఆయన చెప్పేవారు. అప్పట్లో మేము దాన్ని మార్కుల కిటుకు అనుకున్నాం. చదివేవాడి టైముకు ఇచ్చే మర్యాద అది అని ఉద్యోగంలో చేరాక తెలిసింది.

మనుషులు సూచనలు చదవరు. ఇది నేను విసుగుతో అంటున్న మాట కాదు, కొలిచి చూసిన విషయం. 1997లో అమెరికాలో జేకబ్ నీల్సన్, జాన్ మోర్క్స్ అనే ఇద్దరు కంప్యూటర్ తెర మీద జనం ఎలా చదువుతారో పరీక్షించారు. నూటికి 79 మంది కొత్త పేజీ రాగానే పైపైన చూపు పరిగెత్తించారు. ప్రతి మాటా చదివినవాళ్ళు 16 మంది. అదే విషయాన్ని శీర్షికలుగా, చిన్న చిన్న వరసలుగా విడగొట్టి ఇస్తే ఉపయోగం 47 శాతం పెరిగింది. మాటలు సగానికి తగ్గిస్తే 58 శాతం. విడగొట్టి, తగ్గించి, గొప్పలు తీసేసి ఇస్తే 124 శాతం. అంటే లోపల ఉన్న సంగతి మారలేదు, అమరిక మారింది. తెర మీద కూర్చుని తీరిగ్గా చూసేవాళ్ళ సంగతే ఇలా ఉంటే, చేతికి గ్రీజు అంటుకుని, పక్కన యంత్రం మోగుతూ ఉన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు.

మన ఊరి సంగతి ఒకటి చెబుతాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఇంట్లోనో, వీధిలోనో డయాలిసిస్ మనిషి లేనివాళ్ళు తక్కువ. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. అంతకు ముందు చాలామంది వారానికి రెండు మూడు సార్లు దూరాలు పోయేవారు. మా పెదనాన్న గారి అల్లుడు, నాకు బావ, అలాగే తిరిగేవాడు. మొదట చూపించుకున్న ఒక ఆసుపత్రిలో ఆయన చేతికి ఆహార నియమాల కాగితం ఇచ్చారు. రెండు పక్కలా, చిన్న అక్షరాలు, పేరాలు లేవు. "పొటాషియం అధికముగా గల పదార్థములు పరిమితముగా తీసుకొనవలెను" అని ఒక చోట. అలాంటి పదార్థాలు ఏవో పది వాక్యాల తర్వాత. వాటి మధ్యలో, అరటిపండుకీ ఎండు ద్రాక్షకీ నడుమ, కొబ్బరినీళ్ళు.

ఉద్దానంలో జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు చేతిలో ఏం పట్టుకెళతారు? కొబ్బరి బొండాలు. అది మన మర్యాద. వచ్చినవాళ్ళల్లా బొండం కొట్టి ఇచ్చారు, ఆయన కాదనలేక తాగాడు. పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆ వారం డయాలిసిస్‌కు వెళ్ళినప్పుడు రక్తపరీక్ష చూసి డాక్టరు గారు కంగారుపడి ఆ రోజు ఇంటికి పంపలేదు. "కాగితం ఇచ్చాం కదా" అన్నారట. ఇచ్చారు. అందులో ఉంది కూడా. కానీ ఇంట్లో ఎవరికీ అది కనపడలేదు.

ఆ కాగితాన్ని మళ్ళీ రాసింది నేను కాదు. ఆ ఇంటి పిల్ల, అప్పుడు మన బడిలోనే తొమ్మిదో తరగతి. డాక్టరు గారిని అడిగి, డ్రాయింగ్ షీటు మీద మూడు గళ్ళు గీసింది. "వద్దు", "కొంచెం", "తినొచ్చు". "వద్దు" అన్న గడిలో మొట్టమొదటి మాట కొబ్బరినీళ్ళు, పెద్ద అక్షరాలతో. దాన్ని వంటింట్లో కాకుండా వీధి గుమ్మం పక్కన అంటించింది. ఎందుకమ్మా ఇక్కడ అని అడిగితే, "నాన్నకు తెలుసు మామయ్యా, తెలియాల్సింది వచ్చేవాళ్ళకి" అంది. ముప్ఫయ్యేళ్ళు మాన్యువల్స్ రాసిన నాకు అంతకంటే మంచి ఆలోచన రాలేదు. కాగితం ఎవరి కోసమో తెలిస్తే ఏది పైన ఉండాలో, ఎక్కడ ఉండాలో దానంతట అదే తేలిపోతుంది.

ఇప్పుడు కొంచెం పనితనం గురించి. ఇంగ్లీషు పుస్తకాల్లో చెప్పే సలహాలు తెలుగుకు ఉన్నదున్నట్టు పనికిరావు. వాళ్ళకు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అని రెండు రకాలున్నాయి. హెచ్చరిక అంతా పెద్ద అక్షరాల్లో వేసేస్తారు. మనకు ఆ సౌకర్యం లేదు. వాళ్ళు అక్షరాన్ని పక్కకు వాల్చి ప్రత్యేకత చూపిస్తారు. తెలుగు అక్షరం గుండ్రన, వాల్చితే తూలుతున్నట్టు ఉంటుంది తప్ప ప్రత్యేకంగా కనపడదు. వాళ్ళు కింద గీత గీస్తారు. మనం గీస్తే ఆ గీత వత్తుల మీద నుంచి పోతుంది. "విద్యుత్తు" కింద గీత గీసి చూడండి, వత్తులన్నీ గీతలో మునిగిపోతాయి. బడిలో మనం గీసినప్పుడు వత్తు కింద చోటు వదిలి గీసేవాళ్ళం. కంప్యూటరుకు ఆ ఇంగితం లేదు. బొద్దు అక్షరాలు, అంటే బోల్డ్, పనికొస్తాయి. కానీ చిన్న సైజులో బొద్దు చేస్తే "ద"కూ "ధ"కూ, "ప"కూ "ఫ"కూ మధ్య ఉన్న చిన్న గీత సిరాలో కలిసిపోతుంది. అందుకని బొద్దు అక్షరం కావాలంటే సైజు కూడా ఒక మెట్టు పెంచాలి. వరసకూ వరసకూ మధ్య ఇంగ్లీషు కంటే ఎక్కువ చోటు వదలాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులను తాకుతాయి. నేనైతే అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వదులుతాను. కాశీబుగ్గలో డీటీపీ చేసే కుర్రాళ్ళు "పేజీ పెరుగుద్ది సార్" అంటారు. పెరగనీ. శీర్షికలకు రామభద్ర, లోపలి మాటలకు మండలి లాంటి ఖతులు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఒక కాగితానికి ఆ రెండూ చాలు. పెళ్ళి శుభలేఖలా ఆరు రకాల అక్షరాలు వాడితే కన్ను దేని మీద ఆగాలో తెలియక తిరుగుతూ ఉంటుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు మన వాక్యంలోనే ఉంది. తెలుగులో క్రియ ఆఖరున వస్తుంది. చేయాలో వద్దో చివరి అక్షరాల దాకా తెలియదు. "మెయిన్ స్విచ్ ఆఫ్ చేయకుండా మూత తెరవరాదు" అన్న వాక్యం చూడండి. పరుగులో ఉన్న కన్ను వరస మొదళ్ళు పట్టుకుని కిందికి జారిపోతుంది. దానికి దొరికేది "మెయిన్ స్విచ్ ఆఫ్ చేయ" వరకే. ప్రాణం నిలబెట్టే "రాదు" కుడి చివర, ఒక్కోసారి విరిగి కింది వరసలో ఉంటుంది. ఇంగ్లీషువాడి "డోంట్" వాక్యం మొదట్లోనే గుమ్మంలో కాపలావాడిలా నిలబడుతుంది. మన కాపలావాడు పెరట్లో ఉంటాడు. అందుకని తెలుగులో సూచనలు రాసేటప్పుడు చేయకూడనివన్నీ ఒకచోట చేర్చి, పైన "వద్దు" అని శీర్షిక పెట్టి, దాని కింద రాయాలి. చేయాల్సిన వాటిలో ఎప్పుడూ కలపకూడదు. వరుస క్రమం ముఖ్యమైన చోట 1, 2, 3 అని అంకెలు వేయాలి, క్రమం అక్కర్లేని చోట చుక్కలు పెట్టాలి. అంకె చూడగానే చదివేవాడు "ఒకటి అయ్యాకే రెండు" అనుకుంటాడు. ఆ నమ్మకాన్ని వృథా చేయకూడదు. ఒక్కో అంకెకు ఒక్క పనే ఉండాలి.

తిత్లీ తుపాను మీకందరికీ గుర్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు, కరెంటు స్తంభాలు అన్నీ నేలమీదే. నేను మూడో రోజుకి వజ్రపుకొత్తూరు వైపు మా వాళ్ళ ఊరు చేరాను. నీళ్ళ మోటార్లు ఆడించడానికి, సెల్ ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనరేటర్లు అద్దెకు తెచ్చారు. జనరేటరు వైరును నేరుగా ఇంటి ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగిస్తున్నారు. మెయిన్ ఆఫ్ చేశామో లేదో ఎవరికీ పట్టింపు లేదు, కరెంటే లేదు కదా అని.

అక్కడే ప్రమాదం. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను మన ఇంటికి పనికొచ్చేలా తగ్గిస్తుంది. ఇంటివైపు నుంచి కరెంటు ఎదురు పంపితే అదే ట్రాన్స్‌ఫార్మర్ తిరిగి దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. చిన్న జనరేటరు చాలు. ఆ లైను మీద, చచ్చిన లైనే అనుకుని, వేరే జిల్లా నుంచి మన కోసం వచ్చిన లైన్‌మన్ పని చేస్తూ ఉంటాడు.

జనరేటరుతో పాటు సూచనల కాగితం ఉంది. తెలుగులో కూడా ఉంది. నాకు గుర్తున్నంతలో ఇలా సాగింది: "వినియోగదారులు ఇంధన మరియు ఆయిలు మట్టములను సరిచూచుకొని, గాలి వెలుతురు గల ప్రదేశమున యంత్రమును ఉంచి, సరఫరా సంస్థ వారి లైనుతో అనుసంధానము లేదని నిర్ధారించుకొనిన పిమ్మట, లోడు లేకుండా ప్రారంభించవలెను." తప్పు ఒక్కటి కూడా లేదు. ఒక మనిషి ప్రాణం మాత్రం "పిమ్మట" ముందు దాక్కుని ఉంది.

పాత క్యాలెండరు చింపి, వెనక పక్క స్కెచ్ పెన్నుతో ఇలా రాశాను:

ప్రాణం పోతుంది – వద్దు
• ఇంటి ప్లగ్గులో జనరేటరు వైరు పెట్టడం. స్తంభం మీద మనిషి ఉంటాడు.
• ఇంట్లో, వరండాలో జనరేటరు నడపడం. వాసన లేని విషవాయువు వస్తుంది.
• వేడి మీద ఉండగా పెట్రోలు పోయడం.

నడిపే పద్ధతి
1. ఇంటి మెయిన్ ఆఫ్.
2. జనరేటరు బయట, కిటికీలకు దూరంగా.
3. నూనె, పెట్రోలు చూడు.
4. స్టార్టు చెయ్యి.
5. మోటారు వైరును నేరుగా జనరేటరుకే పెట్టు.

అంతే. "చేయవలెను"లు తీసేశాను. "చెయ్యి", "పెట్టు" అని రాస్తే పెద్దవాళ్ళకు మర్యాదగా ఉండదేమో అని ఒక కుర్రాడు అడిగాడు. పెద్దాయన ఒకరు నవ్వి, "బతికుంటే మర్యాద తర్వాత సేసుకుందుము గానీ రాయి బాబూ" అన్నారు. ఆ కాగితాన్ని సెల్ ఫోన్లో ఫోటో తీసి పంపుకున్నారు, సిగ్నలు ఉన్న చోట. స్తంభం మీద మనిషి అన్న మాట పని చేసిందని నా అనుమానం. మెయిన్ ఎందుకు ఆఫ్ చేయాలో తెలియనివాడు చీకటి పడగానే ఆ సంగతి మరిచిపోతాడు, తెలిసినవాడు మరిచిపోడు.

ఈ "ఎందుకు" గురించి ఒక మాట. అన్నీ ముక్కలు చేసి పడేస్తే సరిపోతుందనుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మన జీడి పరిశ్రమ చూడండి. పిక్కలను ఆవిరి మీద ఉడికించే చోట చిన్న బాయిలర్లు ఉంటాయి, జీడి తొక్కే వాటికి వంటచెరుకు. బాయిలరుకు పక్కన గాజు గొట్టంలో నీటి మట్టం కనపడుతుంది. మంట మండుతుండగా ఆ గొట్టంలో నీళ్ళు అసలు కనపడకుండా పోతే ఏం చేయాలి? ఎవరినైనా అడగండి, నీళ్ళు పంపాలి అంటారు. బుర్ర సహజంగా చెప్పేది అదే. చేయకూడనిది కూడా అదే. లోపల రేకు ఎర్రగా కాలి ఉంటే, దాని మీద నీళ్ళు పడగానే ఒక్కసారిగా ఆవిరి పుట్టి బాయిలరు పేలవచ్చు. మంట ఆపాలి, దూరంగా పోవాలి, చల్లారనివ్వాలి. ఇలాంటి చోట "నీళ్ళు పంపవద్దు" అని ఎంత బొద్దుగా రాసినా చాలదు, ఎందుకంటే ఆపరేటరు మనసు ఆ కాగితంతో వాదిస్తుంది. కింద ఒక పూర్తి వాక్యం, కారణంతో సహా, ఉండాలి. చుక్కలు పెట్టి రాసేది చేతుల కోసం, పూర్తి వాక్యం రాసేది నమ్మకం కోసం. రెండూ కావాలి. నా మాన్యువల్స్‌లో ముందు పేజీ చేతులది, వెనక పేజీలు తీరిక దొరికిన రాత్రి డ్యూటీవాడివి.

జీడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. డబ్బా మీద "డబ్ల్యూ 240" అని చూడగానే మన కాశీబుగ్గ వ్యాపారికి పప్పు సైజు తెలిసిపోతుంది. ఒక పౌను తూకానికి సుమారు అన్ని గుండు పప్పులు వస్తాయని దాని అర్థం. 180 అయితే పెద్ద పప్పు, 320 అయితే చిన్నది. ఒక అక్షరం, ఒక అంకె. తుపాను హెచ్చరికల్లో కూడా అంతే. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలకు 1 నుంచి 11 దాకా నంబర్లు పెట్టారు. పదోది మహా ప్రమాదం. పదకొండోదానికి హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. చదువు రాని పడవవాడు కూడా "ఎన్నో నంబరు ఎగరేశారు?" అని అడుగుతాడు.

చేటు చేసేవి కూడా చెప్పాలి. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఉన్నాడు, పేరు చెప్పను, నవ్వుతున్నారు కాబట్టి మీకు తెలిసిపోయింది. ప్రతి మాటకూ రెండు పక్కలా నక్షత్రాలు పెట్టి బొద్దు చేసి, చుట్టూ ఎర్ర బొమ్మలు పెడతాడు. అన్నీ అరుపులైతే ఏది అరుపో తెలియదు. నా లెక్క ఏమిటంటే, ఒక పేజీలో బొద్దు అక్షరాల్లో ఉన్న మాటలు మాత్రమే గబగబా చదివితే అర్థం రావాలి. రాకపోతే తప్పు మాటలను బొద్దు చేశామన్న మాట. రంగు మీద ఆధారపడకండి. మన దగ్గర ఏ కాగితమైనా చివరికి జెరాక్సుకు జెరాక్సు అవుతుంది. ఎర్ర అక్షరం నల్ల అక్షరమవుతుంది, లేత రంగు గడి నల్ల మచ్చ అవుతుంది. ఏదైనా రాశాక మూడుసార్లు జెరాక్సు తీసి, మూడోదాన్ని చేయి చాచి పట్టుకుని చూస్తాను. హెచ్చరిక కనపడితే పంపిస్తాను.

ఇదంతా కొత్త కాదు. మన ముఖలింగం గుడిలో శాసనాలు చూడండి, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. తాటాకు పుస్తకాలూ అంతే. ఆకు ఆదా కావాలి, పైగా చదివేవాడు గొంతెత్తి చదివే పండితుడు, ఎక్కడ విరవాలో అతనికి తెలుసు. అచ్చు వచ్చాక, చదువు అందరిదీ అయ్యాక ఖాళీలు వచ్చాయి, పేరాలు వచ్చాయి. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు చదివేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలని జీవితమంతా పోట్లాడారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు వాచకాలు చేశారు. 1919లో "తెలుగు" అని పత్రికే పెట్టారు. భాష విషయంలో ఆయన గెలిచారు. నోటీసు బోర్డుల దగ్గర మాత్రం ఇంకా "నిర్ధారించుకొనిన పిమ్మట" నడుస్తోంది.

పిల్లలూ, మీకొక పని. మీ ఇంట్లో మందుల చీటీ, గ్యాస్ కాగితం, పురుగుమందు డబ్బా మీది కాగితం ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఇంట్లో ఒకరికి నిలబడి ఉండగా ఇచ్చి, పది అంకెలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. "ముందు ఏం చేయాలి? ఏం చేయకూడదు?" అని రెండే ప్రశ్నలు అడగండి. జవాబు రాకపోతే వాళ్ళను తప్పుపట్టకుండా కాగితాన్ని మళ్ళీ రాయండి. మందుల సంగతైతే డాక్టరుకో, నర్సుకో చూపించి సరిచూసుకున్నాకే గోడకు అంటించండి.

సంఘం పెద్దలు ఒప్పుకుంటే ఇంకొకటి. డయాలిసిస్ ఇళ్ళకు ఇచ్చే ఆహార నియమాల కాగితం, జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టే అక్కలకు జీడి నూనె చేతికి తగిలితే ఏం చేయాలన్న కాగితం, తుపాను ముందు ఇంటికి ఒకటి చొప్పున ఇచ్చే కాగితం, ఈ మూడూ ఈ ఏడాదే చేద్దాం. మన బ్యాచ్‌ల్లో డాక్టర్లు ఉన్నారు, విషయం వాళ్ళు చూస్తారు. అమరిక నేను చూస్తాను. భోజనాల తర్వాత తొమ్మిదో తరగతి గదిలో కూర్చుంటాను. మీ దగ్గర ఉన్న కాగితాలు ఏవైనా పట్టుకురండి. స్కేలూ, ఎర్ర పెన్నూ నా దగ్గర ఉన్నాయి.